మ్యాజిక్ షో అయ్యాక పిల్లల మాట వినడం ఎలా: అడగడం దగ్గర్నుంచి ఐటమ్ సరిచేసుకునే దాకా

"షో బాగానే జరుగుతోంది, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, కానీ నేను మెరుగవుతున్నానో లేదో తెలియట్లేదు, పిల్లల్ని ఏమని అడగాలి?" బడుల్లో, అపార్ట్‌మెంట్లలో, పుట్టినరోజు ఫంక్షన్లలో మ్యాజిక్ చేసేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. ఐటమ్‌ల గుట్టు మాత్రం ఇందులో ఉండదు. చేసేవాళ్ళకి ఎలాగూ తెలుసు, చేయనివాళ్ళకి అవసరం లేదు.

మొదట ఒక మాట ఒప్పుకుందాం. చప్పట్లను అభిప్రాయంగా లెక్కేయకూడదు. బడిలో టీచరమ్మ "క్లాప్స్" అనగానే పిల్లలు కొడతారు. "బాగుందా?" అని అడిగితే మూడు వందల మంది ఒకే గొంతుతో "బాగుందీ..." అంటారు, అది అసెంబ్లీలో అలవాటైన రాగం. పిల్లలు షో జరుగుతుండగా ఎలా కదిలారో చూడాలి, అయ్యాక వాళ్ళంతట వాళ్ళు వచ్చి ఏమన్నారో వినాలి, అన్నిటికన్నా ముఖ్యంగా మనం చేసినదాన్ని వాళ్ళు తిరిగి ఎలా చెప్తున్నారో పట్టుకోవాలి. పిల్లవాడు తిరిగి చెప్పే కథే మీ అసలు షో. మీరు స్టేజీ మీద చేశాననుకున్నది వేరే ఉండొచ్చు.

1. షోకి ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

చాలామంది షో అయ్యాక అప్పటికప్పుడు ఆలోచిస్తారు. అప్పటికి పిల్లలు బస్సెక్కేస్తారు, లేదా మధ్యాహ్న భోజనం గంట కొట్టేస్తారు. కాబట్టి పని ముందే మొదలవ్వాలి.

ఒక ఏ4 కాగితం మీద ఆ రోజు చేసే ఐటమ్‌ల పేర్లు వరుసగా రాసి, ఒక్కో పేరు కింద నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. మొబైల్‌లో ఉంటే సరిపోదా అంటే సరిపోదు, షో మధ్యలో ఫోన్ తీసి టైప్ చేయడం ఎవరివల్లా కాదు.

తర్వాత, ఈ షోలో మీరు తెలుసుకోవాలనుకున్నది ఒకటో రెండో తేల్చుకోండి. "అంతా ఎలా ఉంది" అనేది ప్రశ్న కిందికి రాదు. "తాడు కోసి అతికించే ఐటమ్‌లో తాడు నిజంగా తెగిందని వెనక వరుసకి కనబడుతోందా?" అనేది ప్రశ్న. ఇంత సన్నగా ఉంటేనే జవాబు పనికొస్తుంది.

చూసి రాయడానికి ఒక మనిషిని పెట్టుకోండి. మీ అసిస్టెంట్ వద్దు, ఆయనకి వస్తువులు అందించే పనుంటుంది. మ్యాజిక్ తెలియని స్నేహితుడో, ఇంట్లోవాళ్ళో అయితే ఇంకా మంచిది. వాళ్ళు స్టేజీ పక్కన పిల్లల వైపు తిరిగి కూర్చోవాలి. మిమ్మల్ని చూడటం వాళ్ళ పని కాదని గట్టిగా చెప్పండి, లేకపోతే రెండో ఐటమ్‌కే మెడ మీ వైపు తిరిగిపోతుంది.

వీడియో తీయాలనుకుంటే కెమెరా కూడా పిల్లల వైపే ఉండాలి. దీనికి ముందు హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. వీడియో మీరు ఒకసారి చూసుకుని తీసేయడానికే. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కాదు. అనుమతి రాకపోతే వీడియో మానేయండి, రాసే మనిషి ఒక్కరున్నా చాలు.

ఇక టీచర్లతో ఒక మాట. మన బడుల్లో షో అనగానే పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి "చేతులు కట్టుకోండి, నోటి మీద వేలేసుకోండి" అంటారు. అలా కూర్చున్న పిల్లల నుంచి మీకు ఏ సమాచారమూ రాదు. నవ్వొచ్చినా ఆపుకుంటారు, అనుమానం వచ్చినా మింగేస్తారు. షోకి ముందే టీచర్లని కలిసి "కాసేపు అరిచినా ఏమనకండి మేడమ్, హద్దు దాటితే నేనే ఆపుతాను" అని అడగండి. దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

బయల్దేరే ముందు చూసుకోండి:

- ఐటమ్ షీట్ రెండు కాపీలు, రెండు పెన్నులు
- ఈ షోలో తెలుసుకోవాల్సిన ప్రశ్న, షీట్ పైన రాసి
- చూసి రాసే మనిషి, ఆయన కూర్చునే చోటు
- అనుమతి కాగితాలు
- తెల్ల కాగితాలు, క్రేయాన్లు, పేపర్ కప్పులు, గుప్పెడు చింతగింజలు
- షో అయ్యాక పిల్లలతో పావుగంట కూర్చోవడానికి బడివాళ్ళ ఒప్పుదల

2. షో జరుగుతుండగా ఏం చూడాలి

రాసే మనిషికి పొడవాటి వాక్యాలు రాసే తీరిక ఉండదు. అక్షరాల గుర్తులు ఇవ్వండి: "న" అంటే నవ్వు, "అ" అంటే అరుపు, "క" అంటే కదలిక, "భ" అంటే భయం, "ని" అంటే నిశ్శబ్దం. ఐటమ్ పేరు కింద ఆ అక్షరం, పక్కన ముందు వరుసా వెనక వరుసా అన్నది. పిల్లలు గట్టిగా ఏదైనా అంటే మాత్రం ఆ మాట ఉన్నదున్నట్టు రాయాలి.

నిశ్శబ్దం రెండు రకాలు, ఈ తేడా ముందే చెప్పి పెట్టండి. మెడలు ముందుకు సాగి, నోళ్ళు తెరుచుకుని ఉంటే అది మీ చేతిలో ఉన్న నిశ్శబ్దం. భుజాలు జారిపోయి, పక్కవాడి జడ లాగడమో, నేల మీద వేలితో గీతలు గీయడమో మొదలైతే అది విసుగు. దూరం నుంచి రెండూ ఒకేలా వినిపిస్తాయి.

మోకాళ్ళ మీద లేవడం కూడా అంతే. అన్ని వరుసలూ లేస్తే ఉత్సాహం. వెనకవాళ్ళు మాత్రమే లేస్తే వాళ్ళకి కనబడటం లేదని అర్థం. మీ చేతులు నడుము ఎత్తులో ఉన్నాయేమో చూసుకోండి. పిల్లలు నేల మీద కూర్చున్నప్పుడు గుండె ఎత్తుకి కింద చేసేది నాలుగో వరుస తర్వాత ఎవరికీ కనబడదు.

"నీళ్ళు తాగొస్తా", "వన్‌కి వెళ్ళొస్తా" అని ఏ ఐటమ్ మధ్యలో ఎక్కువమంది లేచారో తప్పకుండా రాయించండి. ఒకళ్ళు లేస్తే అవసరం. ఒకే ఐటమ్‌లో అరడజను మంది లేస్తే ఆ ఐటమ్ సాగుతోందన్నమాట.

3. షో అయిన మొదటి పది నిమిషాలు

ముందు సామాను మూసేయండి. పెట్టె తాళం, బ్యాగు జిప్పు, ఇవయ్యాకే మిగతాదంతా. పిల్లలు ఒక్కసారిగా మీదపడతారు, చేతికందింది పట్టుకుంటారు, అప్పుడు మీ బుర్ర అంతా సామాను మీదే ఉంటుంది, మాట ఏదీ చెవికెక్కదు.

సామాను సర్దాక అక్కడే నేల మీదో, మెట్టు మీదో కూర్చోండి. నిలబడి ఉన్న మ్యాజిక్ అంకుల్ వేరు, తమ ఎత్తులో కూర్చున్న అంకుల్ వేరు. ఏమీ అడగొద్దు. వాళ్ళే వస్తారు.

"అంకుల్, ఆ చెంబు నాకిస్తావా?" "గది ఎట్ల చేసినవన్నా, ఒక్కసారి చెప్పవా?" "మళ్ళీ ఆ పువ్వుది చెయ్యండి సార్." ఇలా వాళ్ళంతట వాళ్ళు ఏ ఐటమ్ పేరు ఎత్తుతున్నారో అదే మీకు మొదటి సమాచారం. ఎవరూ ఎత్తని ఐటమ్ ఏదో కూడా అంతే ముఖ్యం. మీరు నెలల తరబడి సాధన చేసిన ఐటమ్‌ని ఒక్కరూ ఎత్తకపోతే బాధగానే ఉంటుంది, అయినా రాసుకోండి.

ఎవరో ఒక పిల్ల వచ్చి గుట్టు సరిగ్గా చెప్పేస్తుంది. అప్పుడు "కాదు కాదు" అని బుకాయించకండి. చూసింది నిజమని ఆ పిల్లకి తెలుసు, మీరు అబద్ధమాడుతున్నారనీ తెలిసిపోతుంది. "భలే గమనించావే, ఎప్పుడు కనబడింది?" అని మెల్లగా అడగండి. "ఎలా తెలిసింది" అని అడిగితే తన తెలివి చెప్తుంది, "ఎప్పుడు" అని అడిగితే మీ లోపం చెప్తుంది. "నువ్వు జోకు చెప్పి అటు తిరిగినప్పుడు" అందనుకోండి, మీకు సరిచేసుకోవాల్సిన క్షణం దొరికేసింది. తర్వాత "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ" అంటే చాలామంది పిల్లలు నిలబెట్టుకుంటారు.

ఇలా విన్నవన్నీ అక్కడే రాయడం కుదరకపోతే, బండెక్కే ముందు మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పిల్లల మాటల్ని మీ మాటల్లోకి మార్చకండి. "కత్తిరింపు స్పష్టంగా లేదు" అని రాసుకుంటే రెండు రోజుల తర్వాత దేనికీ పనికిరాదు. "తాడు తెగలేదు, అంకుల్ ఊరికే కత్తెర ఆడించాడు" అని రాసుకుంటే ఏం మార్చాలో ఆ వాక్యంలోనే ఉంటుంది.

4. కూర్చోబెట్టి అడిగేటప్పుడు

ఇది అసలు పని. కాస్త తీరిగ్గా చదవండి.

నలుగురైదుగురు పిల్లలు చాలు, ఒకే తరగతి వాళ్ళయితే మంచిది. వరండాలోనో, చెట్టు కిందో, అందరికీ కనబడే చోట కూర్చోండి. టీచర్ కంటికి కనబడేంత దూరంలో ఉండాలి, మాట వినబడేంత దగ్గర్లో ఉండకూడదు. టీచర్ పక్కనుంటే పిల్లలు మీకు కాదు, టీచర్‌కి జవాబు చెప్తారు. అలాగని తలుపేసిన గదిలో పిల్లలతో ఒంటరిగా ఎప్పుడూ కూర్చోవద్దు.

పిల్లల్ని ఎంచుకోవడం టీచర్‌కి వదిలేస్తే క్లాస్ లీడర్‌నీ, బాగా మాట్లాడేవాళ్ళనీ పంపిస్తారు. హాజరు పట్టీలో ప్రతి పదో నంబరు పిలవమనండి. అందులో వెనక కూర్చున్నవాళ్ళు, నోరు మెదపనివాళ్ళు కూడా వస్తారు.

ఇక ప్రశ్నలు:

- "బాగుందా?" వద్దు. "ఇవాళ రాని మీ ఫ్రెండ్‌కి ఏం జరిగిందని చెప్తావు?" అడగండి.
- "అర్థమైందా?" వద్దు. "తాడుతో నేనేం చేశాను? మొదట్నుంచీ చెప్పు" అనండి.
- "ఏది నచ్చలేదు?" వద్దు, మన పిల్లలు పెద్దవాళ్ళ మొహం మీద అలా చెప్పరు. "రేపు ఇంకో బడికి వెళ్ళాలి, అక్కడ టైమ్ తక్కువ, ఒక ఐటమ్ తీసేయాలి, ఏది తీసేయమంటావు?" అనండి. ఇప్పుడు వాళ్ళు మీకు సాయం చేస్తున్నారు, తప్పు పట్టడం లేదు. ధారాళంగా చెప్తారు.
- "భయమేసిందా?" వద్దు, మగపిల్లలు ఒక్కరూ అవుననరు. "మీ ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లో ఉంటే, ఏ ఐటమ్ వాళ్ళకి చూపించొద్దంటావు?" అనండి.
- "ఎలా చేశానో చెప్పు చూద్దాం" అసలే వద్దు. అది పరీక్ష అయిపోతుంది, ఆపైన ప్రతి ఒక్కరూ గుట్టు గురించే మాట్లాడతారు. తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళని మాత్రం "ఎక్కడ అనుమానం వచ్చింది?" అని అడగొచ్చు.

అడిగాక ఆగాలి. మనసులో ఐదు లెక్కపెట్టండి. పెద్దవాళ్ళం రెండు సెకన్ల నిశ్శబ్దం కూడా ఓర్చుకోలేక జవాబు మనమే అందించేస్తాం, పిల్లలు దానికి తలూపేస్తారు.

ఒకే ప్రశ్న రెండుసార్లు అడగొద్దు. మళ్ళీ అడిగారంటే మొదటి జవాబు తప్పయి ఉంటుందని చిన్నపిల్లలు అనుకుంటారు, వెంటనే మార్చేస్తారు. మార్చిన జవాబుకి విలువ లేదు. ఇంకా వివరం కావాలంటే "ఊఁ, తర్వాత?" అంటే సరిపోతుంది.

గుంపులో వయసులో చిన్నవాళ్ళతో ముందు చెప్పించండి. పెద్దవాడు మొదలెడితే మిగతా అందరూ "నాకూ అదే" అంటారు.

ఇంకొకటి, ఇది పాటించడం కష్టం: సమర్థించుకోవద్దు. పిల్ల "మీరు చెంబు సరిగ్గా వంచలేదు" అంటే "లేదమ్మా, వంచాను కదా" అనకండి. ఆ ఒక్క మాటతో ఆ గుంపంతా మూగబోతుంది. "సరే, ఇంకా?" అనండి, రాసుకోండి, అంతే.

స్టేజీ మీదికి పిలిచిన పిల్లవాణ్ణి మిగతావాళ్ళకి కాస్త ఎడంగా అడగండి. అందరికన్నా దగ్గర్నుంచి చూసింది, వస్తువులు పట్టుకుంది తనే. "పైకి వచ్చినప్పుడు ఎలా అనిపించింది? అందరూ నవ్వినప్పుడు?" అని అడిగి మొహం చూడండి. పిల్లలు తనని చూసి నవ్వారనుకుంటున్నాడా, తనతో కలిసి నవ్వారనుకుంటున్నాడా అన్నది అక్కడ తెలిసిపోతుంది.

అమెరికాలో, గల్ఫ్‌లో తెలుగు సంఘాల పండుగ కార్యక్రమాల్లో చేసేవాళ్ళకి ఒక సూచన. అక్కడి పిల్లలు చాలామందికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. తెలుగులోనే చెప్పమని పట్టుబడితే ఒక్క ముక్కతో సరిపెడతారు. వాళ్ళకి వచ్చిన భాషలో చెప్పనివ్వండి. హైదరాబాద్ పాతబస్తీ బడుల్లో ఉర్దూ పిల్లల విషయంలోనూ అంతే, ఉర్దూ తెలిసిన మనిషిని పక్కన పెట్టుకోండి.

5. వయసును బట్టి పద్ధతి మార్చండి

మూడు నుంచి ఐదేళ్ళ లోపు, అంటే అంగన్‌వాడీ, ఎల్‌కేజీ పిల్లలు: వీళ్ళని మాటలతో అడిగి లాభం లేదు. "నాలాగా మ్యాజిక్ చేసి చూపించు" అనండి. ఒకడు గాల్లో ఊదుతాడు, ఒకతి రుమాలు విదిలించినట్టు చేస్తుంది. వాళ్ళు అభినయించిందే వాళ్ళకి గుర్తున్నది. ఈ వయసులో మాయమవడం పెద్ద వింత కాదు, రంగులు, శబ్దం, ఏదో ఒకటి బయటికి రావడం వింత. నాణెం మాయమైతే స్పందించలేదని కుంగిపోకండి.

ఆరు నుంచి ఎనిమిదేళ్ళు: వీళ్ళు అరుస్తారు, మీ తప్పు పట్టుకోవడంలో ఆనందం వీళ్ళదే. "వెనక చూడు! వెనక!" అని గొంతు చించుకునేది వీళ్ళే. వీళ్ళకి చింతగింజల ఓటు బాగా కుదురుతుంది. ఒక్కో పేపర్ కప్పు మీద ఒక్కో ఐటమ్ బొమ్మ వేసి, కప్పు బోర్లించి పైన చీలిక పెట్టి, ఒక్కొక్కరికి ఒకటే గింజ ఇచ్చి "మళ్ళీ చూడాలనుకున్న దాంట్లో వెయ్యి" అనండి. తెరిచిన కప్పులైతే ఎక్కువ గింజలున్న దాంట్లోనే అందరూ వేస్తారు. ఇంతకన్నా చిన్నపిల్లలకి గింజలు ఇవ్వకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

ఈ వయసులోనే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సన్నటి పొడుగు గ్లాసులోకి పోస్తే నీళ్ళు ఎక్కువయ్యాయని ఏడేళ్ళ లోపు పిల్లలు చాలామంది నమ్ముతారు, పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన మనస్తత్వవేత్త జాన్ పియాజే చేసిన ప్రయోగాల్లో తేలిన విషయం ఇది. కాబట్టి చిన్న గ్లాసులో పాలు ఒక్కో పెద్ద గ్లాసులోకి మారుస్తూ అన్నీ నిండుగా చూపించే ఐటమ్ ఒకటో తరగతిలో పేలవంగా పోతుంది. వాళ్ళ దృష్టిలో అక్కడ అసాధ్యమేమీ జరగలేదు. అదే ఐటమ్ ఐదో తరగతిలో అదిరిపోతుంది. ఐటమ్‌లో లోపం లేదు, మీరు ఎంచుకున్న తరగతిలో ఉంది.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళు: వీళ్ళు రాయగలరు. పేరు రాయొద్దని చెప్పి చీటీలు ఇవ్వండి. రెండే ప్రశ్నలు: "ఏ ఐటమ్ తీసేయాలి? ఎక్కడ అనుమానం వచ్చింది?" స్పెల్లింగు చూడనని చెప్పండి, లేకపోతే తెలిసిన పదాలతో సరిపెట్టేస్తారు.

6. బొమ్మలు గీయించేటప్పుడు

టైమ్ ఉంటే ఇది తప్పకుండా చేయండి. కాగితం, క్రేయాన్లు ఇచ్చి "నీకు బాగా గుర్తున్నది గియ్యి" అని మాత్రమే చెప్పండి. "మ్యాజిక్ బొమ్మ గియ్యి" అంటే అందరూ టోపీలోంచి కుందేలు గీస్తారు, మీ షోలో కుందేలు లేకపోయినా.

గీశాక "ఇదేంటో చెప్పు" అని అడిగి, చెప్పింది కాగితం వెనకాల రాయండి. అన్నిటికన్నా పెద్దగా గీసింది ఏది, అసలు గీయనిది ఏది, అందులో పిల్లలు ఉన్నారా లేక మీరొక్కరే ఉన్నారా, ఇంతవరకు చూస్తే చాలు. అంతకు మించి మనస్తత్వ విశ్లేషణలోకి వెళ్ళకండి. నల్లరంగు వాడింది భయం వల్ల కాకపోవచ్చు, మిగతా క్రేయాన్లు పక్కవాడి దగ్గర ఉండి ఉండొచ్చు.

7. విన్నదాన్ని అర్థం చేసుకోవడం

అదే రోజు రాత్రి షీట్ ముందేసుకుని కూర్చోండి. పిల్లలన్న ప్రతి మాటనీ దీంట్లో ఏదో ఒక గూట్లో పెట్టండి: కనబడలేదు, అర్థం కాలేదు, నమ్మలేదు, సాగింది, భయమేసింది, నొచ్చుకున్నారు. గూడు తేలితే మందు తేలుతుంది.

"తాడు తెగలేదు." ఇది ఎక్కువగా కనబడకపోవడమే. తెల్ల చొక్కా మీద తెల్ల తాడు పట్టుకుంటే పదడుగుల దూరంలో కత్తిరింపు కలిసిపోతుంది. ముదురు రంగు చొక్కా వేసుకోండి, లేదా ఎర్ర తాడు తీసుకోండి. కోశాక రెండు చివర్లూ రెండు చేతుల్లో ఎడంగా పట్టుకుని ఒక క్షణం ఆగండి. ముందు వరుస పిల్ల చేత ఒక చివర లాగించి చూడండి.

"చెంబులో నీళ్ళు ఇంకా ఉన్నాయి, అంకుల్ సగమే వంచాడు." బెంగాలీ ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ షోలతో పేరుపడ్డ నీళ్ళ చెంబు ఐటమ్, షో పొడుగునా మధ్యమధ్యలో వంచుతూనే ఉంటాం. ఇక్కడ పిల్లవాడు గుట్టు కనిపెట్టలేదు, చెంబు ఖాళీ అయిందని నమ్మలేదంతే. ఖాళీ అయిందని నమ్మకపోతే మళ్ళీ నీళ్ళు రావడంలో వింత ఏముంది? చెంబు పూర్తిగా తలకిందులు చేసి, ఆఖరి బొట్టు పడేదాకా ఆగి, అప్పుడు కింద పెట్టండి. ఆ ఆఖరి బొట్టు మీదే ఐటమ్ మొత్తం నిలబడి ఉంది, చాలామంది హడావిడిలో ఎగ్గొట్టేది అదే.

"జేబులో పెట్టుకున్నాడు." నిజంగా జేబు దాకా చెయ్యి వెళ్ళిందేమో అద్దం ముందు చూసుకోండి. వెళ్ళకపోయినా అలా అంటున్నారంటే, మీ కళ్ళు అటు వెళ్ళాయన్నమాట. పిల్లలు చేతికన్నా ముందు మొహం చూస్తారు.

"మంత్రం బాగుంది", "ఛూ మంతర్ అని మళ్ళీ అను." మంత్రం ఒక్కటే గుర్తుండి ఐటమ్ గుర్తులేకపోతే మాటలు ఐటమ్‌ని మింగేశాయి. మాటలు తగ్గించండి, అసలు మార్పు జరిగే క్షణంలో నోరు మూసుకోండి.

"ఆ అన్నని ఎందుకు తిట్టావ్?" పైకి వచ్చిన పిల్లవాడి మీద వేసిన జోకు ఇది. ఒక్క పిల్ల ఇలా అన్నా ఆ జోకు ఆ రోజుతో ఆపేయాలి. పెద్దవాళ్ళు పగలబడి నవ్వారన్నది లెక్కలోకి రాదు.

"నేను కూడా ఇంటికెళ్ళి చేస్తా." మామూలుగా ఇది మెచ్చుకోలు. కానీ ఏ ఐటమ్ గురించి అంటున్నారో చూడండి. బ్లేడు, నిప్పు, నోట్లో నాణెం, మెడకి తాడు, వీటిలో ఏ ఒక్కదాని గురించి అన్నా ఆ ఐటమ్‌ని పిల్లల షోలోంచి తీసేయండి. "మీరు చేయకండి పిల్లలూ" అని మైకులో చెప్పడం చాలదు.

"మా తమ్ముడికి జ్వరం, తగ్గిస్తావా?" "తాయెత్తు కట్టవా?" "డబ్బులు చేసివ్వు, మా అమ్మకి కావాలి." ఇలాంటి మాట వినబడితే మిగతా అన్నిటికన్నా ముందు దీన్ని చూసుకోవాలి. మీరు చేసింది నిజమైన శక్తి అని ఆ పిల్ల నమ్మింది. అక్కడికక్కడే, మెత్తగా, "నాకు శక్తులేమీ లేవు తల్లీ, రోజూ సాధన చేస్తే వచ్చే చేతి పని ఇది, జ్వరం తగ్గించేది డాక్టరే" అని చెప్పండి. తర్వాత షీట్‌లో గుర్తు పెట్టుకుని, వచ్చే షో మొదట్లోనే ఈ మాట కలపండి. సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు మన ఊళ్ళల్లో మహిమల గుట్టు విప్పి చూపిస్తూ తిరుగుతున్నది ఈ నమ్మకాల వల్లే. మనం వినోదం కోసం చేసేది ఆ నమ్మకాలకి బలం కాకూడదు.

8. ఏం మార్చాలి, ఎన్ని మార్చాలి

ఒక షోకి ఒక ఐటమ్‌లో ఒక మార్పు. చొక్కా రంగు, మాటలు, ఐటమ్‌ల వరుస అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఒక్కరే అన్న మాటని రాసి పెట్టుకుని ఆగండి. వేరువేరు గుంపుల్లో ముగ్గురు అదే అంటే మార్చండి. భయం, అవమానం, ప్రమాదం, మహిమల నమ్మకం, ఈ నాలుగింటికి మాత్రం ఈ లెక్క లేదు, ఒక్క పిల్ల చెప్పినా వెంటనే మార్చాల్సిందే.

మార్పు చేశాక వచ్చే షోలో అదే వయసు పిల్లల్ని అదే ప్రశ్న, అవే మాటల్లో అడగండి. పాత షీట్, కొత్త షీట్ పక్కపక్కన పెట్టి చూడండి. మొదట "తాడు తెగలేదు" అన్న చోట ఇప్పుడు "తాడు తెగింది, మళ్ళీ అతుక్కుంది" అని కథ మారితే పని జరిగినట్టే. మారకపోతే మందు తప్పు, జబ్బు అలాగే ఉంది, ఏడో మెట్టుకి తిరిగి వెళ్ళండి.

9. తరచూ జరిగే పొరపాట్లు

చాక్లెట్ ముందే ఇచ్చి అడగడం. చాక్లెట్ చేతిలో ఉన్న పిల్లవాడికి అంతా బాగుంటుంది. ఇవ్వాలనుకుంటే అందరికీ, ఆఖర్న, ఏం చెప్పినా చెప్పకపోయినా ఇవ్వండి.

టీచర్ల మెచ్చుకోలుని పిల్లల అభిప్రాయంగా రాసుకోవడం. "పిల్లలు చాలా ఎంజాయ్ చేశారండి" అనేది మర్యాద. అది వేరే పేజీలో రాసుకోండి.

గట్టిగా మాట్లాడే ఇద్దరు పిల్లల మాట మీద షో మొత్తం తిరగరాయడం. నోరు మెదపని పిల్లల కోసమే చింతగింజలు, చీటీలు, బొమ్మలు.

నవంబర్ 14న వరసపెట్టి షోలు ఒప్పుకుని ఎక్కడా పావుగంట మిగుల్చుకోకపోవడం. బాలల దినోత్సవం రోజు దొరికినంతమంది పిల్లలు ఏడాదిలో మళ్ళీ దొరకరు. కనీసం ఒక్క బడిలోనైనా ఆగి అడగండి.

10. అదే బడికి మళ్ళీ వెళ్తే

పాత షీట్ తీసి, అప్పుడు ఆ పిల్లలు చెప్పినదాంట్లో మీరు మార్చింది ఏదో ముందే చూసుకుని వెళ్ళండి. ఆ ఐటమ్ చేసే ముందు "పోయినసారి మీ బడిలోనే ఒకరు నేను చెంబు సరిగ్గా వంచలేదన్నారు, ఇవాళ చూసి చెప్పండి" అనండి. పేరు చెప్పొద్దు, ఆ పిల్లని లేపి నిలబెట్టొద్దు, సిగ్గుపడొచ్చు.

ఇలా చెప్పాక పిల్లలు రెట్టింపు శ్రద్ధగా చూస్తారు, అంటే మీ చెయ్యి ఇంకా గట్టిగా ఉండాలి. సాధన చాలకపోతే ఆ రోజు ఈ మాట ఎత్తకండి. షో అయ్యాక మళ్ళీ సామాను మూసి, మెట్టు మీద కూర్చుని, "ఈసారి ఏమైంది, మొదట్నుంచీ చెప్పండి" అని అడగండి. పోయినసారి నోరు విప్పని పిల్లలు కూడా ఈసారి మాట్లాడతారు.